సూళ్లూరుపేట దాకా పాట వెంట: పండగ సినిమాల ముందు అయిదు రోజులు

సంక్రాంతి సినిమాల ఊపు చూడాలంటే హైదరాబాదులో ప్రీ రిలీజ్ ఈవెంటు పాసుల కోసం తిరగక్కర్లేదు. ఒంగోలులో దిగి, పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా వస్తే చాలు. ఈ దారి పొడుగునా ఒకే పాట అయిదారు రకాలుగా వినిపిస్తుంది. ఒంగోలులో అరచేతిలో ఇమిడే ఫోనులో మొదలవుతుంది, ఉలవపాడు చుట్టుపక్కల పల్లెల్లో డీజే పెట్టెల్లోకి ఎక్కుతుంది, నెల్లూరులో థియేటరు గోడలకు తగులుతుంది, సూళ్లూరుపేటలో వంద అడుగుల తెర వెనక నుంచి వస్తుంది. ఒకచోట అదరగొట్టిన పాట ఇంకోచోట చప్పబడిపోతుంది. దానికి కారణం పాటలో కంటే అది మోగే పెట్టెలోనే ఎక్కువసార్లు దొరుకుతుంది.

పండగకి మామూలుగా మూడు నాలుగు పెద్ద సినిమాలు జనవరి 9 నుంచి 14 మధ్యలో పడతాయి. వాటిలో మొదటిది పడే రోజుని నాలుగో రోజుగా పెట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటే ప్రయాణం సరిపోతుంది. రైలు టిక్కెట్లు డిసెంబరు మొదట్లోనే చేసుకోవాలి. పండగ వారంలో మద్రాసు వైపు నుంచి వచ్చే బళ్ళలో నిలబడ్డానికి కూడా చోటుండదు. పోయే వైపు కాస్త నయం.

మొదటి రోజు: ఒంగోలు

పొద్దున్నే రైలు దిగి టిఫిను చేసేలోపు రాబోయే సినిమాల పాటలన్నీ ఫోనులోకి దింపుకోవాలి. రోడ్డు మీద సిగ్నలు నమ్ముకుంటే పాట సగంలో ఆగిపోతుంది.

ఇప్పుడు పాటలు వచ్చే వరస ఇదీ. దసరాకీ దీపావళికీ మధ్య ఫస్ట్ సింగిల్, డిసెంబరులో రెండోదీ మూడోదీ, జనవరి మొదటి వారంలో ట్రైలరు, ఆ వెనకాలే ప్రీ రిలీజ్ ఈవెంటు. క్యాసెట్ల కాలంలో ఆడియో ఫంక్షను నాడే పాటలన్నీ చేతికొచ్చేవి. ఇప్పుడు ముందు వదిలేవి ఊపున్న పాటలే. కథలో కలిసిపోయే పాట, సెకండాఫ్‌లో వచ్చే బరువైన పాట చాలాసార్లు విడుదల తర్వాతే బయటికొస్తాయి. పండగ ముందు 'ఆల్బమ్ బ్లాక్‌బస్టర్' అన్నవాళ్ళు విన్నది సగం ఆల్బమే.

ఒక్కో పాటనీ మూడుసార్లు వినాలి. మొదట ఫోను స్పీకరులో. అది 200 హెర్ట్జ్‌కి దిగువన దాదాపు పలకదు కాబట్టి డప్పు మోత, బేసు గిటారు పోయి గొంతు, చప్పట్లు, పైస్థాయి వాయిద్యాలు మిగులుతాయి. అప్పుడు కూడా పల్లవి నిలబడితే ఆ పాట టీ బంకుల్లో బతుకుతుంది. రెండోసారి ఇయర్‌ఫోన్స్‌లో, కళ్ళు మూసుకుని. లిరికల్ వీడియోలో అక్షరాలు చదువుతూ వింటే ఏ పాటలోనైనా మాటలు స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అది చెవి చేసిన పని కాదు, కన్ను చేసింది. కళ్ళు మూశాక ఎన్ని మాటలు తెలిశాయో లెక్క చూసుకోండి. మూడోసారి కర్నూలు రోడ్డులో తిరిగే షేరింగ్ ఆటోలో. డ్రైవరు బేసు తిప్పగలిగినంతా తిప్పి ఉంటాడు. ఇంజను మోత, గతుకులు, హారన్ల మధ్య కూడా దరువు పట్టు తప్పలేదంటే ఆ పాట ఊరేగింపుకి పనికొస్తుంది. వేగం తెలియాలంటే 15 సెకన్లపాటు తొడ మీద తాళం వేసి, ఆ లెక్కని నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో వస్తుంది.

'ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని మిలియన్లు' అనే పోస్టరుని ఎంతవరకు నమ్మాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. యూట్యూబులో పాటని ప్రకటనగా నడిపితే, చూసేవాడు 30 సెకన్లపాటు దాటవేయకుండా ఉన్నాడంటే అది కూడా వ్యూసులో పడుతుంది. అందుకే 2019 సెప్టెంబరులో యూట్యూబు తన మ్యూజిక్ చార్టుల లెక్కలోంచీ 24 గంటల రికార్డుల్లోంచీ డబ్బిచ్చిన ప్రకటనల వ్యూసు తీసేసింది. కానీ వీడియో కింద కనిపించే అంకె మాత్రం అన్నీ కలిపిన అంకే. మొదటి రోజు అంకె వదిలేసి ఏడో రోజు అంకె చూడాలి. దాని కంటే మంచి కొలత, ఆ పాట మీద జనం సొంతంగా ఎన్ని రీల్స్ చేశారన్నది. అందులోనూ డబ్బిచ్చి చేయించినవి ఉంటాయి గానీ, మన వీధి పిల్ల పెరట్లో చేసిన రీలు దానంతటదే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం ఫ్లెక్సీ కొట్లు. పండగ ముందు ఇవి రాత్రీ పగలూ నడుస్తాయి. అభిమానులు తెచ్చే బొమ్మతోనే ఇక్కడ పేచీ. ఫోనులో దింపిన పోస్టరు వెడల్పు మహా అయితే 1080 చుక్కలు (పిక్సెళ్ళు) ఉంటుంది. దాన్ని 20 అడుగులకి, అంటే 240 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి నాలుగున్నర చుక్కలు. ముప్పై అడుగుల దూరం నుంచి చూసినా హీరో ముఖం మసకే. మధ్యలో వాట్సాపులో పంపుకుంటే అది ఇంకా నలుగుతుంది. అదే ఫైలు డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరదు. పెద్ద సైజుకి అంగుళానికి 70 చుక్కలు దండిగా సరిపోతాయి. ఫోటోలు చిన్నవైనా ఫరవాలేదు, పేర్లూ అక్షరాలూ మాత్రం డిజైనరు చేత విడిగా వేయించాలి. ఊరంతా చదివేది సంఘం కుర్రాళ్ళ పేర్లనే.

కట్టేటప్పుడు మన కోస్తాలో సరుగుడు కర్రలే చట్రం. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. గంటకి 40 కిలోమీటర్ల గాలి 20×10 ఫ్లెక్సీ మీద సుమారు 140 కిలోల బరువుతో తోసినట్టు తోస్తుంది. నాలుగు మూలలకే తాడు కడితే అంచు చిరిగి మొత్తం తెరచాపలా లేస్తుంది. అడుగున్నరకో రింగు కొట్టించి ప్రతి రింగుకీ తాడు వేయాలి. వెనకనుంచి రెండు ఏటవాలు కర్రలు ఆనించాలి. ఇనప తీగతో కట్టకూడదు, కరెంటు లైను కింద అసలు నిలబెట్టకూడదు. ఏటా పండగల్లో ప్రాణాలు పోయేది ఇక్కడే. ఇనప చట్రం పైకెత్తేటప్పుడు అది లైనుకి తగులుతుంది.

వాల్‌పోస్టరు తగ్గింది గానీ పోలేదు. సింగిల్ షీటు 30×40 అంగుళాలు. సిక్స్ షీటు అంటే అలాంటివి ఆరు కలిపి 80×90. కిలో మైదాని ఎనిమిది లీటర్ల నీళ్ళలో ఉండలు కట్టకుండా ఉడికించి, పశువులూ పురుగులూ ముట్టకుండా చెంచాడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, చేతితో కలపకూడదు. అతికించేటప్పుడు కింది వరస ముందు, పై వరస తర్వాత, రెండు వేళ్ళ మందం మీదికి వచ్చేలా అతకాలి. పెంకుటింటి పెంకుల లెక్క. తిరగేసి అంటిస్తే పుష్యమాసపు మంచు అతుకులోకి దిగి తెల్లారేసరికి హీరో గడ్డం కింద షీటు వేలాడుతూ ఉంటుంది.

రాత్రికి అల్లూరయ్య మైసూర్‌పాక్ కట్టించుకుని పడుకోవడమే. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి తన పాత్రలకి తనే పాడుకునేది. పాట ఒకచోట, పెదవి ఒకచోట అనే గొడవే ఆమెకి లేదు.

రెండో రోజు: సింగరాయకొండ, ఉలవపాడు, కావలి

ఒంగోలు నుంచి కావలి డెబ్భై కిలోమీటర్ల లోపే. రైలైతే గంట కూడా పట్టదు. కానీ ఈ రోజు పల్లెవెలుగు బస్సే ఎక్కాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పండగ ముందు సంతకి పోయే అమ్మల చేతుల్లోని ఫోన్లలో ఏ పాట మోగుతోందో వింటే 'ఫ్యామిలీ ఆడియెన్స్' అనే మాటకి అర్థం తెలుస్తుంది. సింగరాయకొండ దగ్గరో ఉలవపాడు దగ్గరో దిగి లోపలి ఊళ్ళలోకి ఆటో మాట్లాడుకోండి. ధనుర్మాసం కదా, తెల్లారగట్ల గుడి మైకులో తిరుప్పావై, పొద్దెక్కాక టెంటు హౌసు పెట్టెల్లో సినిమా పాట. మైకు మాత్రం రెండిటికీ చాలాసార్లు ఒకటే.

టెంటు హౌసు సెట్టంటే రెండు టాపులు, 18 అంగుళాల స్పీకర్లున్న రెండు బేసు పెట్టెలు, యాంప్లిఫయర్లు, ఒక చిన్న మిక్సరు, జనరేటరు. కొత్త పాట ఇక్కడ పాడయ్యే తీరు ఒకటుంది, కాస్త ఆగి చూడాలి. కుర్రాడు ఫోను కలుపుతాడు. డప్పులు మోగుతాయి, కోరస్ మోగుతుంది, గాయకుడి గొంతు మాత్రం ఊరవతల బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. 'ఏందబ్బా, పాటలో గొంతే లేదు' అంటారు. గొంతు ఉంది, తీగ తినేసింది.

ఫోను ప్లగ్గులో ఎడమ, కుడి, ఎర్తు అని మూడు భాగాలు. మిక్సరు మీద మైకు పెట్టే గుండ్రటి సాకెట్టులోనూ మూడు పిన్నులే. మూడూ మూడూ సరిపోయాయని నేరుగా కలిపేస్తారు. మైకు సాకెట్టు ఆ రెండు తీగల్నీ కూడదు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. మైకుకి కావలసిందీ అదే. దారిలో దూరిన గుయ్‌మనే మోత రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. పాటలో రెండు వైపులా ఒకేలా ఉండేవి గొంతు, బేసు. అవీ ఎగిరిపోతాయి. మిగిలేవి పక్కలకి తోసిన వాయిద్యాలు, గొంతు వెనక ప్రతిధ్వని. రెండు కొమ్మలుగా చీలే తీగ కొని ఎడమ కొమ్మని ఒక చానలుకి, కుడి కొమ్మని ఇంకో చానలుకి లైన్ సాకెట్టులో పెడితే గొంతు తిరిగొస్తుంది. కావలి బజారులో ఏ ఎలక్ట్రికల్ కొట్టులోనైనా దొరికే తీగే.

రెండో జబ్బు పెట్టెలు చిరిగినట్టు బరబరమనడం. ఫోను వాల్యూము పూర్తిగా పెంచి, మిక్సరు గెయినూ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే మరా) పెంచేస్తే శబ్దపు అల తల తెగుతుంది. ఎర్ర లైటు అంటుకునే ఉంటుంది. ఫోను పదికి ఎనిమిదిలో పెట్టి, ఎర్ర లైటు గట్టి దెబ్బకి మాత్రమే మెరిసేదాకా గెయిను తగ్గించాలి. వీడియోలోంచి లాగి, మళ్ళీ మార్చి, ఇంకోసారి పంపుకున్న ఫైలు అయితే తాళాల గలగల ముందే పోయి ఉంటుంది. దాన్ని ఏ మిక్సరూ బాగు చెయ్యలేదు. మూడోది, ప్రతి బేసు దెబ్బకీ లైట్లు డిమ్ము కావడం. జనరేటరు ఆ క్షణానికి కావలసిన కరెంటు ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు వేరే లైను మీదికి మార్చాలి. ఫోను ఏరోప్లేన్ మోడులో పెట్టడం మరిచిపోతే పాట మధ్యలో పెళ్ళాం ఫోను ఊరంతా వింటుంది.

చట్టం కూడా గుర్తుండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకరు కుదరదు. ఇళ్ళున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. పెట్టె దగ్గర మీటరు దూరంలో 100 ఉంటే యాభై మీటర్ల అవతలి ఇంటికి 66. అంటే డీజే అనదగ్గది ఏదీ ఈ లెక్కలో ఇమడదు. అనుమతి కాగితం ఉన్నా పెట్టెలు ఊరి వైపు కాక పొలం వైపు తిప్పించే పెద్దమనిషి ఒకడు ఊరికి ఉండాలి.

సాయంత్రానికి కావలి చేరి పడుకోవచ్చు. ఊళ్ళో చూడాల్సింది థియేటరు ముందు గేటు. 'కొత్త సినిమా' అన్న బోర్డు పెట్టి పేరు రాయకుండా వదిలేశారంటే ఏది వెయ్యాలో ఇంకా తేలలేదని అర్థం. పండగ వారంలో థియేటర్ల పంపకం ఆఖరి రాత్రి దాకా నడుస్తుంది.

మూడో రోజు: నెల్లూరు

కావలి నుంచి నెల్లూరు గంట ప్రయాణం. జిల్లా సరిహద్దులు ఎటు మారినా సినిమా వ్యాపారానికి వేరే పటం ఉంది. ఒంగోలు గుంటూరు ఏరియాలోకి వస్తుంది, నెల్లూరు దానంతట అది ఒక ఏరియా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని చదివే జాబితాలో చివరిదీ, చిన్నదీ ఇదే. చిన్నది కాబట్టి ఒక్క మంచి పాట, ఒక్క చెడ్డ టాకు ఇక్కడ వెంటనే అంకెల్లో తేలుతుంది.

ఆ అంకెలు చదవడానికి మూడు మాటలు చాలు. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాసు. జీఎస్టీ తీస్తే నెట్టు. దాంట్లోంచి థియేటరు అద్దె తీస్తే, ఆ ఏరియాకి సినిమా కొన్న బయ్యరుకి మిగిలేది షేరు. పోస్టర్ల మీద వేసేది గ్రాసు. బయ్యరు రాత్రి నిద్రపట్టక చూసుకునేది షేరు. ఎన్‌ఆర్‌ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్సు) పద్ధతిలో కొన్నవాడికి డబ్బు వెనక్కి రాదు, అడ్వాన్సు మీద ఆడించేవాడికి లెక్క తేలాక తిరిగొస్తుంది. కౌంటరు దగ్గర అందరికీ తెలిసిన 177 రూపాయల టిక్కెట్టులో 150 అసలు ధర, 27 జీఎస్టీ. నగరపాలక సంస్థల్లోని మల్టీప్లెక్సులకి 2022 మార్చిలో జీవో 13 ఆ 150ని పెట్టింది, రిక్లైనరుకి 250. పెద్ద సినిమాలకి విడుదలకి ముందు ప్రభుత్వం విడిగా మెమో ఇచ్చి కొన్నాళ్ళపాటు పెంచుకోనిస్తుంది. వంద రూపాయల లోపు టిక్కెట్టు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. వంద దాటితే పద్దెనిమిదే.

బుకింగ్ యాపులో బూడిద రంగు సీట్లన్నీ అమ్ముడైనవి కావు. కౌంటరు కోటా, అభిమాన సంఘాలకి పట్టిపెట్టినవీ అలాగే కనిపిస్తాయి. బుకింగ్ తెరిచిన అయిదు నిమిషాలకి వెనక వరసలు మొత్తం ఒకే పట్టీగా నిండిపోతే అది పట్టిపెట్టడం. అక్కడో రెండు, ఇక్కడో నాలుగు చొప్పున సెకండ్ షో కూడా నిండుతుంటే జనం కొంటున్నట్టు. మొదటి రోజు కంటే పండగ మర్నాటి మ్యాట్నీ చూస్తే ఇంటిల్లిపాదీ వచ్చేదీ రానిదీ ముందే తెలుస్తుంది.

మధ్యాహ్నం బొమ్మిడాయిల పులుసుతో భోజనం చేసి, ఎండ తగ్గాక తిప్పరాజువారి వీధి వైపు నడవండి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబరు 25న ఆయనే వెళ్ళిపోయారు. నాన్న సాంబమూర్తి హరికథకులు. మాట మింగకుండా వెనక వరసకి వినిపించేలా పలకడం హరికథకి ప్రాణం, ఆ పలుకు కొడుకు గొంతులో నిలిచింది. ఇదే ఊళ్ళో పుట్టిన వెన్నెలకంటి డబ్బింగు పాటలు రాసేటప్పుడు పెదవి కదలికకి తెలుగు మాట అతికేలా చూసుకునేవారు. ఇప్పటి పండగ పాటల్లో గొంతు మీద ఎన్ని పొరల యంత్రం పరిచారో తెలియాలంటే ఈ వీధిలో నిలబడి, మొన్న కళ్ళు మూసుకుని విన్న పాటని ఇంకోసారి వినండి. తప్పంతా గాయకుడిదే అనలేం. 'స' కార 'ష' కారాల అంచుని కోసేసి, అన్ని పొరల్నీ ఒకే ఎత్తుకి నొక్కేసిన మిక్సింగులో ఎంత మంచి పలుకైనా ముద్దవుతుంది.

రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోవాలి. రెండింటికి లేవాలి.

నాలుగో రోజు: నెల్లూరు, తెల్లారుజాము ఆట

అమెరికాలో తూర్పు తీరపు ప్రీమియర్ మధ్యాహ్నం రెండింటికి మొదలైతే మనకి రాత్రి పన్నెండున్నర. అక్కడ ఇంటర్వెల్ పడేసరికి ఇక్కడ రెండు. నర్తకి సెంటరులో టీ బంకు తెరిచేసరికి సినిమా చూడనివాళ్ళకే కథంతా తెలుసు. ఈ టాకుకి ఓ నిఘంటువు కావాలి. 'పర్లేదబ్బా' అంటే బాలేదు. 'ఒకసారి చూడొచ్చు' అంటే టిక్కెట్టు డబ్బులు పోలేదు, అంతే. 'ఫ్యామిలీస్ వస్తే ఆడుద్ది' అంటే కుర్రాళ్ళకి నచ్చలేదు. 'బీజీఎం కుమ్మేసినాడు' అని, అంటే నేపథ్య సంగీతం గురించి మాత్రమే అన్నారంటే సన్నివేశంలో సరుకు లేదు. ఎవరూ అడక్కుండానే పాట గురించి మాట్లాడితే అది నిజమైన టాకు.

ఆట ఆలస్యమైతే బయట ఈలలు, తిట్లు. లోపల జరిగేది వేరు. సినిమా ఇప్పుడు డబ్బాల్లో రాదు. పెద్ద తెరలకి డీసీపీ అనే ఫైళ్ళ మూట వస్తుంది. బొమ్మ సెకనుకి గరిష్ఠంగా 250 మెగాబిట్లు, అంటే గంటకి 112 జీబీ దాకా. రెండున్నర గంటల సినిమా 250 జీబీ ఉందనుకుంటే సర్వరులోకి ఎక్కించడానికి పాత యూఎస్‌బీ 2 మీద రెండుంబావు గంటలు, యూఎస్‌బీ 3 మీద ముప్పావు గంట. యూఎస్‌బీ 2 మీదే ఎక్కించే థియేటరుకి రాత్రి పదకొండింటికి డిస్కు చేరితే ఒంటిగంట ఆట పడదు. మేనేజరుని ఎన్ని మాటలన్నా ఆ లెక్క మారదు.

ఫైలు ఎక్కినా తాళం తియ్యాలి. కేడీఎం అనే ఆ తాళంచెవి ఒక్క సర్వరుకే, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా మాత్రమే పనిచేస్తుంది. ఆటని గంట ముందుకి జరిపి తాళంచెవి సమయం మార్చకపోతే బొమ్మ పడదు. గత నెలలో సర్వరులో ఆ తాళం విప్పే మీడియా బ్లాకు మార్పించి ఆ కొత్త వివరం పైకి పంపకపోతే, వచ్చిన చెవి పాత బ్లాకుకి వచ్చినట్టే. అనుభవం ఉన్న ఆపరేటరు పండగకి వారం ముందే ఏదో ఒక చెవితో సరిచూసుకుంటాడు. థియేటరులో వేసే ట్రైలరుకీ సెన్సారు సర్టిఫికెట్టు ఉండాలి, యూట్యూబులో పెట్టేదానికి అక్కర్లేదు. అందుకే ఫోనులో చూసిన ట్రైలరు తెర మీద కొన్నిసార్లు నాలుగు మాటలు తక్కువగా ఉంటుంది.

ఇక శబ్దం. థియేటరు ప్రాసెసరు మీద ఫేడరు (సౌండు పెంచే, తగ్గించే మర) 7లో ఉంటే మిక్సింగ్ గదిలో విన్న మట్టం, ముందు స్పీకరు ఒక్కోటీ 85 డెసిబెల్స్. ఒక్కో అంకెకీ సుమారు 3.3 డెసిబెల్స్. పెట్టెలు కాలిపోతాయని భయపడి, ప్రేక్షకుల పోరు పడలేక చాలాచోట్ల 5కో నాలుగున్నరకో దించుతారు. అప్పుడు పాట బాగానే వినిపిస్తుంది, మాట పోతుంది. పాటని మొదటి నుంచీ గట్టిగా నొక్కి ఉంచారు, మాటకి ఎత్తుపల్లాలు ఉంచారు. ఫేడరు దించితే పల్లంలో ఉన్నది ముందు మునుగుతుంది. మాట ముద్దగా ఉండి, ఫేడరు కూడా పైనే ఉంటే అనుమానించాల్సింది తెర వెనక నడిమి స్పీకరుని. తెరకున్న సన్నటి రంధ్రాల్లో దుమ్ము పేరుకున్నా పైస్థాయి శబ్దం ఆగిపోతుంది.

పాట వచ్చినప్పుడు తల తిప్పకుండా పక్క గోడల్ని వినండి. కోరస్, తాళాలు పక్కల నుంచి వస్తే పాటని థియేటరు కోసం విడి పొరల నుంచి మళ్ళీ కలిపారని. అన్నీ ముందు నుంచే ఒక గోడలా వస్తుంటే ఫోనుకి చేసిన రెండు చానళ్ళ ఫైలునే అతికించారని. పండగ తేదీ తరుముతుంటే ఇలా జరగడం కొత్తేమీ కాదు. కుర్చీ ఎంచుకునేటప్పుడు మధ్య వరసలకి రెండు మూడు వరసలు వెనక, నడిమి సీటు అడగండి. గోడవార సీటులో ఒక్క సర్రౌండు స్పీకరే సినిమా మొత్తం చెవిలో అరుస్తుంది. అభిమానుల ఆటకి మాత్రం ఈ సలహా ఏదీ పనికిరాదు. పాట మొదలవగానే కాగితాలు లేస్తాయి, ఎవరూ కూర్చోరు, సౌండు ఈలల్లో కలిసిపోతుంది. పాట వినాలంటే అదే రోజు మ్యాట్నీకి ఇంకో టిక్కెట్టు తీసుకోవాల్సిందే.

అయిదో రోజు: గూడూరు మీదుగా సూళ్లూరుపేట

నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వంద కిలోమీటర్ల లోపే. గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు తప్ప ఈ పనికి ఆగాల్సిందేమీ లేదు. నాయుడుపేట దాటాక దారి పొడుగునా తమిళ సినిమాల పోస్టర్లు కలుస్తాయి. పొంగలికి వచ్చే అక్కడి సినిమాలు, సంక్రాంతికి వచ్చే మన సినిమాలు ఈ ఒక్క పట్టీలో ఒకే గోడ మీద కొట్టుకుంటాయి. 2022లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినా సినిమా బయ్యరుకి అది నెల్లూరే.

వి ఎపిక్ థియేటరు 2019 ఆగస్టులో తెరిచారు. తెర వెడల్పు వంద అడుగులకి పైనే, సీట్లు ఆరువందల పైచిలుకు, తల మీద కూడా స్పీకర్లుండే డాల్బీ అట్మాస్ ఉంది. మద్రాసు నుంచి కూడా ఎనభై కిలోమీటర్లు కార్లేసుకుని వస్తారు కాబట్టి పండగ వారంలో మంచి సీటు దొరకాలంటే బుకింగ్ తెరిచిన గంటలోనే చేసుకోవాలి. ఇంత తెర ముందు ఎక్కడ కూర్చోవాలన్నది లెక్క. వెడల్పు వంద అడుగులనుకుంటే 87 అడుగుల దూరంలో కూర్చున్నవాడికి తెర కంటి ముందు 60 డిగ్రీలు పరుచుకుంటుంది. ఇంకా ముందుకి పోయేకొద్దీ డాన్సులో ఎడమ చివర ఉన్నవాళ్ళని చూస్తే కుడి చివర కనబడదు, మెడ తిరుగుతూనే ఉంటుంది. పాటల సినిమాకి వెనక మూడో వంతే సుఖం.

ఆ దూరంలో ఇంకో సంగతి ఉంది. 87 అడుగులు దాటి రావడానికి శబ్దానికి సెకనులో పదమూడో వంతు పడుతుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కాబట్టి పెదవి కదిలిన దాదాపు రెండు ఫ్రేములకి మాట చెవిన పడుతుంది. అందుకే సౌండుని కాస్త ముందుకి జరిపి హాలు నడిమి సీట్లకి సరిపోయేలా సర్దుతారు. అట్మాస్ మిక్సులో 128 పొరల దాకా పెట్టవచ్చు, హాల్లో 64 స్పీకరు లైన్ల దాకా విడివిడిగా పంపవచ్చు. అది ఉపయోగించుకున్న పాటా కాదా అన్నది పల్లవిలో తెలియదు. చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యం వచ్చినప్పుడు తల మీద స్పీకర్లని వినండి. ఏమీ రాకపోతే పేరుకే అట్మాస్.

ఒంగోలులో ఫోను మీద నిలబడిన పాట, ఉలవపాడులో గొంతు పోయిన పాట, నెల్లూరులో ఈలల్లో మునిగిన పాట ఇక్కడ మొదటిసారి మొత్తంగా వినిపిస్తుంది. కొన్ని ఇక్కడే బయటపడిపోతాయి కూడా. చిన్న స్పీకరు కోసం నొక్కిపెట్టిన పాటని వంద అడుగుల తెర వెనక నుంచి వింటే రెండో చరణానికే చెవులు అలిసిపోతాయి. ఆట అయ్యాక టైముంటే, సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు దాకా వెళ్ళి రావచ్చు. 1921లో ఆత్రేయ పుట్టిన ఊరు. పాత్ర పరిస్థితి మొత్తం తెలిసేదాకా పాట రాయడని నిర్మాతలు విసుక్కున్న మనిషి. విడుదలకి మూడు నెలల ముందే సింగిల్ ఇవ్వమంటే ఏమనేవాడో.

కనుమ: పెన్న ఇసుకలో

తిరుగు ప్రయాణం కనుమకి పెట్టుకోండి. ఆ రోజు నెల్లూరులో ఏటి పండగ. ఊళ్ళో దేవుళ్ళని పెన్న ఇసుకలోకి తెస్తారు, ఊరు ఊరంతా ఏట్లోకి దిగుతుంది. బెలూన్ల వాళ్ళు, బూరల వాళ్ళు, చెరుకు గడలు, తోపుడు బండి మీద చార్జింగ్ స్పీకరు. అయిదు రోజులుగా కొలిచిన పాటల్లో రెండు ఈపాటికే వినబడవు. ఉన్నవాటిలో మాటలు రాని చిన్నపిల్లలు ఒట్టి దరువుతో 'డండ డండ' అని లాగుతున్నది ఏదో చూసుకోండి. రంగనాయకులపేట వైపు ఆటోలు నాలుగు దాటితే కదలవు. మూడున్నరకే ఇసుకలోకి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడవండి.